గోడ వెనక పనితనం

సీసీ కెమెరాలు బిగించే పనిలో మెచ్చుకోవలసిందంతా మూతల కింద ఉంటుంది. కెమెరా కనబడుతుంది, టీవీలో బొమ్మ కనబడుతుంది. ఆ రెంటికీ మధ్య పైపుల్లో, ప్లాస్టిక్ పెట్టెల్లో, గోడకు కొట్టిన బెజ్జాల్లో ఏం జరిగిందో ఇంటివాళ్లు అడగరు, చేసినవాడు చెప్పడు. బిగించిన రోజున మంచి పనీ నాసిరకం పనీ ఒక్కలాంటి బొమ్మే చూపిస్తాయి. తేడా బయటపడాలంటే ఒక వానాకాలం గడవాలి, ఒక ఎండాకాలం గడవాలి, లేదంటే దొంగ రావాలి. చెక్కపనిని, నేతను, నగిషీని పొగుడుతూ బోలెడు వ్యాసాలు చదివాను. జంక్షన్ బాక్సు మూత తీసి లోపలి అమరికను పొగిడిన వ్యాసం మాత్రం ఒక్కటీ నా కంటపడలేదు.

కూకట్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంటులో ఈమధ్య పాత కెమెరాలు పీకేసి 16 కొత్తవి పెట్టించారు. అసోసియేషన్ లెక్కలు చూసేది నేనే కాబట్టి పని దగ్గర నిలబడే బాధ్యత కూడా నా మీదే పడింది. వచ్చినాయన ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఐటీఐ చదివి, వైర్‌మన్ పర్మిట్ తీసుకుని, చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడు. పేరు రాయొద్దన్నాడు. "పేరు రాస్తే బేరాలు షురూ అయితయ్ సార్" అని నవ్వాడు.

మొదటి రోజు ఆయన డ్రిల్లింగ్ మెషీన్ సంచిలోంచి బయటికే తీయలేదు. చేతిలో పట్టేంత టెస్టర్ తెర ఒకటి, ఒక కెమెరా, కొలత టేపు. కెమెరాను ఒక పొడుగాటి పైపు చివర కట్టి, గేటు పక్కన స్తంభానికి ఆనించి పట్టుకుని, వాచ్‌మన్‌ను లోపలికీ బయటికీ నడవమన్నాడు. మా సెక్రటరీ గారికి కెమెరా బాగా ఎత్తులో ఉండాలని పట్టుదల. ఎత్తులో ఉంటే ఎవరూ పగలగొట్టరు, వీధంతా కనబడుతుంది అని ఆయన వాదన. ఈయన వాదించలేదు. పైపును ఆ ఎత్తుకే లేపి తెర చూపించాడు. "ఈడ పెడితే నెత్తి వస్తది సార్, మొహం రాదు." నిజంగానే తెర మీద వాచ్‌మన్ టోపీ తప్ప ఏమీ లేదు. మనిషి మొహం రావాలంటే కెమెరా చూపు దాదాపు ఎదురుగా ఉండాలి. నిలువుగా పైనుంచి చూసేకొద్దీ కళ్లు, ముక్కు, గడ్డం అన్నీ నుదుటి కింద దాక్కుంటాయి.

తర్వాత లెన్సు లెక్క. దీనికి అంతర్జాతీయంగా ఒక ప్రమాణం ఉంది, ఐఈసీ 62676-4. దాని 2014 నాటి కూర్పు ప్రకారం దృశ్యంలో మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్లుంటే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 ఉంటే తెలిసిన మనిషిని గుర్తుపట్టగలం. కొత్తవాడి ఆనవాలు పట్టాలంటే 250 ఉండాలి. ఇప్పుడు మామూలుగా అమ్మే 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. 1920ని 250తో భాగిస్తే ఏడున్నర మీటర్ల చిల్లర. అంటే దృశ్యం అంతకంటే వెడల్పయిన చోట మొహం దక్కదన్నమాట. దుకాణాల్లో ఎక్కువగా అంటగట్టే 2.8 మిల్లీమీటర్ల లెన్సు చూపు చాలా విశాలం కనుక, మూడు మీటర్ల దూరానికే దాని దృశ్యం ఆ వెడల్పుకు చేరిపోతుంది. 6 మిల్లీమీటర్ల లెన్సయితే సుమారు ఎనిమిది మీటర్ల దాకా మొహం నిలుస్తుంది. కానీ పక్కల ఏం జరిగిందో దానికి తెలియదు. ఆయన గేటుకు రెండూ పెట్టాడు. వెడల్పాటిది పైన, ఏం జరిగిందో చెప్పడానికి. ఇరుకు చూపుది తలకు కాస్త పైన, ఎవరు చేశారో చెప్పడానికి. ఇంకో కెమెరా అమ్ముకునే ఎత్తుగడ అని మా వాళ్లలో ఒకరు గొణిగారు. టెర్రస్ మీద మేమడిగిన మూడు కెమెరాల్లో ఒకటి అనవసరమని ఆయనే తీసేయించాక ఆ గొణుగుడు ఆగింది.

పాతవాటిని విప్పిన రోజు నాకు మంచి పాఠం. గేటు కెమెరా కొన్ని నెలలుగా పగలు బాగా పనిచేసి, రాత్రి మాత్రం ఆరిపోతూ వెలుగుతూ ఉండేది. కెమెరా చెడిందని మేమొకసారి కొత్తది కొన్నాం కూడా. అదీ అలాగే చేసింది. ఈయన తీగను ఒకచోట కత్తిరించి, మొనను బ్లేడుతో గీకి, నా కళ్ల ముందు పెట్టాడు. పైన రాగి రంగు, లోపల వెండి తెలుపు. అల్యూమినియం తీగకు రాగి పూత. బజారులో దాన్ని సీసీఏ అంటారు. స్వచ్ఛమైన రాగితో పోలిస్తే కరెంటుకు దాని అడ్డు సుమారు ఒకటిన్నర రెట్లు.

రాత్రి మాత్రమే ఎందుకు ఆరేదో అప్పుడు తెలిసింది. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, అది లాగే కరెంటు పెరుగుతుంది. మా గేటు నుంచి ఆఫీసు గదికి పైపు దారిన 60 మీటర్లు. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి 120. అర చదరపు మిల్లీమీటరు మందం ఉన్న అసలు రాగి తీగయినా ఆ దూరానికి నాలుగు ఓంల పైచిలుకు అడ్డు. అర ఆంపియరు నడిస్తే 12 వోల్టుల్లో రెండు దారిలోనే పోతాయి. సన్నటి పూత తీగలో ఎన్ని పోతాయో లెక్క వేసుకోవచ్చు. కెమెరా ఆకలికి ఆరిపోతుంది, దీపాలు ఆరగానే కరెంటు సరిపోయి మళ్లీ లేస్తుంది, దీపాలు వెలిగించి మళ్లీ పడిపోతుంది. దొంగకు కావలసిన వేళలోనే గుడ్డిదయ్యే కెమెరాను మేం డబ్బిచ్చి మరీ పెట్టించుకున్నాం.

ఇప్పుడు వేసింది నెట్‌వర్కు కేబుల్, క్యాట్ 6, అసలు రాగి. కరెంటూ బొమ్మా రెండూ ఆ ఒక్క తీగలోనే నడుస్తాయి. పీవోఈ అంటారు. నెట్‌వర్కు స్విచ్ దగ్గర సుమారు 48 వోల్టులతో బయల్దేరుతుంది కాబట్టి అదే శక్తికి నాలుగో వంతు కరెంటు చాలు, దారిలో పోయే వోల్టులు కూడా ఆ మేరకు తగ్గిపోతాయి. ఒక్కో తీగ వంద మీటర్లు మించకూడదని నియమం. ఆయన డబ్బా విప్పగానే చేసిన మొదటి పని తీగ మొన గీకి చూసుకోవడం. పేరున్న కంపెనీ డబ్బా కదా అన్నాను. "డబ్బా కంపెనీదే సార్, లోపలి తీగ ఎవరిదో చూడాలె కదా" అన్నాడు.

ఇక గోడ పని. నేను గంటల తరబడి నిలబడి చూసింది ఇదే.

బెజ్జం బయటినుంచి లోపలికి కొడుతున్నప్పుడు డ్రిల్లు మొనను కొద్దిగా పైకెత్తి కొట్టాడు. అప్పుడు బెజ్జం బయటివైపుకు వాలుగా ఉంటుంది. వాన చినుకు లోపలికి దూరినా బయటికే జారుతుంది. అడ్డంగా కొట్టినా ఎవరికీ తెలిసేది కాదు. పెట్టెలకు తీగ దారి అడుగునే తీశాడు, పైన ఒక్కటీ లేదు. ప్రతి పెట్టె దగ్గరా తీగను ముందు కిందికి దింపి, చిన్న వంపు తిప్పి, మళ్లీ పైకి ఎక్కించాడు. తీగ వెంట జారిన నీళ్లు ఆ వంపు అడుగున రాలిపోవాలి తప్ప పెట్టెలోకి నడిచి వెళ్లకూడదు. కెమెరా దిమ్మె చుట్టూ సిలికాన్ పూసేటప్పుడు పైనా రెండు పక్కలా పూసి, కింద ఖాళీ వదిలేశాడు. నేను మరిచాడేమో అనుకుని చూపించాను. ఎంత పూసినా ఎప్పుడో ఒకప్పుడు తడి చేరుతుందట. చేరింది బయటికి పోవడానికి దారి ఉండాలి. చుట్టూ మూసేస్తే ఆ పెట్టె నీళ్లు పట్టే పాత్రే అవుతుంది. కెమెరా డబ్బా మీద ఐపీ66 అని ఉంటుంది, ధారగా నీళ్లు కొట్టినా తట్టుకుంటుందని అర్థం. ఆ మాట కెమెరా ఒంటికే వర్తిస్తుంది. దాని తోక లాంటి తీగ చివర ఉండే జాయింటుకు ఆ రక్షణ లేదు. చచ్చే కెమెరాల్లో చాలావరకు ఆ జాయింటు దగ్గరే చస్తాయి. ఆయన జాయింటును పెట్టెలోకి తీసుకుని, రబ్బరు మూత బిగించి, లోపల అడుగు పొడవు తీగను చుట్టగా అదనంగా వదిలాడు. రేపు కొన కుళ్లితే కోసి కొత్త మొన వేసుకోవడానికి.

పైపు మలుపుల్లో ఆయన ఎల్బోలు వాడలేదు, పొడుగాటి బెండ్లు వాడాడు. క్యాట్ 6 తీగ మందం ఆరు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని అంతకు నాలుగు రెట్ల వ్యాసార్ధం కంటే బిగుతుగా వంచకూడదు. వంచితే లోపలి జంటల మెలికలు విచ్చుకుంటాయి. ఆ మెలికల వల్లే పక్క తీగ గోల ఈ తీగలోకి రాకుండా ఉంటుంది. లిఫ్టు మోటారు కరెంటు పైపు ఎదురైన చోట దాని పక్కనే నడిపించకుండా, నిలువుకు అడ్డంగా దాటించి ఎడం జరిపాడు. తీగ లాగడం అయిపోయాక ప్రతి పైపులోనూ ఒక నైలాన్ తాడు వదిలేశాడు. ఎందుకని అడిగాను. "రేపు ఇంకో కేబుల్ లాగాలంటే వచ్చినోడు తిప్పలు పడొద్దు" అన్నాడు. ఆ వచ్చినోడు తాను కాకపోవచ్చునని ఆయనకూ తెలుసు. ఎవరో ముక్కూమొహం తెలియని పోటీదారుడి కోసం తన తాడు తన ఖర్చుతో పైపులో పెట్టి పోయే మనిషిని చూసి నాకు నిజంగా ముచ్చటేసింది.

కట్టడానికి నల్ల ట్యాగులే వాడాడు. తెల్లవి చవక, కానీ ఎండ దెబ్బకు పెళుసుబారి విరిగిపోతాయి. ఎండను తట్టుకునేలా చేసిన నల్లవి చాలా ఏళ్లు ఉంటాయి. పాత పనిలో తెగిన తెల్ల ట్యాగుల ముక్కలు సన్‌షేడ్ల మీద ఇంకా పడి ఉన్నాయి.

తీగ కొనలకు జాక్ వేయడం చూడాలి. పై తొడుగును బ్లేడు లోపలి తీగకు తగలకుండా చుట్టూ గీసి లాగేస్తాడు. ఎనిమిది తీగలు బయటపడతాయి. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. వేళ్లు ఈ వరసను చూడకుండానే పేరుస్తాయి. మెలిక విప్పింది అరంగుళం మించదు. నొక్కే ముందు జాక్‌ను వెలుతురుకు పట్టి, ఎనిమిది రాగి మొనలూ చివరి గోడకు తగిలాయా, పై తొడుగు జాక్ లోపలికి చేరిందా అని చూస్తాడు. రెండోది చాలామంది వదిలేస్తారు. తొడుగు లోపలికి చేరకపోతే లాగుడు బరువంతా ఆ ఎనిమిది సన్నటి తీగల మీదే పడుతుంది. నొక్కాక ఒకసారి గట్టిగా లాగి చూస్తాడు, ఆ తర్వాతే టెస్టర్. ఒకచోట ఎనిమిది లైట్లూ వెలిగినా ఆ జాక్ కోసి పారేశాడు. నాకు అందులో లోపమేమీ కనిపించలేదు. ఆయనకు నొక్కుడు చప్పుడు నచ్చలేదట!

ఆఫీసు గదిలో ర్యాక్ తలుపు తీస్తే పదహారు తీగలు పక్కపక్కనే, జడ అల్లినట్టుగా, మెత్తని పట్టీలతో కట్టి ఉన్నాయి. ఒకటో కెమెరా ఒకటో పోర్టులో, రెండోది రెండో పోర్టులో. ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ అంకె. ఇంతకుముందు ఇదే ర్యాక్‌లో ఏ తీగ ఎటు పోతుందో కనుక్కోవడానికి ఒకరు కింద తీగ పీకడం, ఇంకొకరు మీద నుంచి "పోయింది, పోయింది" అని అరవడం మాకు అలవాటు.

కరెంటు సాకెట్ దగ్గరికి వచ్చేసరికి ఆయన పర్మిట్ విషయం బయటికి వచ్చింది. రికార్డర్‌కు, స్విచ్‌కు, యూపీఎస్‌కు విడిగా ఒక లైను లాగాలి. 230 వోల్టుల పని. కొత్తగా వైరింగ్ చేయాలన్నా మార్చాలన్నా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ అజమాయిషీలో, పర్మిట్ ఉన్న మనిషి చేతుల మీదుగా చేయాలి. 1956 నాటి విద్యుత్ నియమాల్లోని 45వ నియమం నుంచీ ఉన్న సంగతి ఇది. బల్బో ఫ్యానో లాంటివి మార్చుకోవడానికి మినహాయింపు ఉంది, అంతే. తన దగ్గర ఉన్నది వైర్‌మన్ పర్మిట్ కాబట్టి తాను పనిచేసే కాంట్రాక్టరును పిలిపించి, ఆయన పేరు మీదే ఆ లైను వేయించాడు. మా సెక్రటరీ గారు "ఒక సాకెట్‌కి ఇంత తతంగమా బాబూ" అన్నారు. పాత పనిలో మరో కెమెరా కోసం కరెంటును గేటు దాకా తీసుకెళ్లి, అక్కడ అడాప్టర్‌ను టేపు చుట్టి గోడ సందులో దూర్చారు. వానకు తడిసే ఇనప గేటు, పక్కన 230 వోల్టులు. పిల్లలు సైకిళ్లు ఆనించేది దానికే.

మన దేశంలో ఇక్కడొక విచిత్రం ఉంది. కాపలా మనుషుల్ని పంపే ఏజెన్సీకి 2005 నాటి చట్టం ప్రకారం లైసెన్స్ తప్పనిసరి. 2025 ఏప్రిల్ నుంచి మార్కెట్‌లోకి వచ్చే సీసీ కెమెరాలు ప్రభుత్వం నిర్దేశించిన సైబర్ భద్రతా పరీక్షలు దాటి ఉండాలి. కరెంటు లైనుకు పర్మిట్ సంగతి చెప్పాను. మధ్యలో మిగిలిన అసలు పని, అంటే ఏ కెమెరా ఎక్కడ, ఏ తీగ ఎలా, ఏ పాస్‌వర్డ్ ఎవరికి అన్నదానికి మాత్రం లైసెన్స్ అంటూ లేదు. ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ సీసీటీవీ ఇన్‌స్టలేషన్ టెక్నీషియన్ అనే కోర్సు నడుపుతుంది, సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఉన్నవాడు మేలే. లేకున్నా ఎవరూ ఆపరు. నిచ్చెన, డ్రిల్లు ఉంటే చాలు, రేపు పొద్దున్నే దుకాణం తెరవొచ్చు.

కాలిఫోర్నియాలో ఇలా కుదరదు. 91 వోల్టులు మించని పనులకే సీ-7 అని విడిగా ఒక కాంట్రాక్టర్ లైసెన్స్ ఉంది. నాలుగేళ్ల పని అనుభవం చూపించాలి, పరీక్ష రాయాలి, 25,000 డాలర్ల బాండు పెట్టాలి. ప్రకటనలో లైసెన్స్ నంబరు తప్పకుండా ఉండాలి. దొంగల అలారం పెట్టేవాళ్లకు ఇంకో విభాగం నుంచి మరో లైసెన్స్ కావాలి. ఫ్రీమాంట్‌లోనో శాన్ రమోన్‌లోనో ఉన్న మన బంధువులు కెమెరాలు పెట్టించుకునే ముందు ఆ నంబరును లైసెన్స్ బోర్డు వెబ్‌సైటులో కొట్టి చూసుకోవచ్చు. బ్రిటన్ దారి వేరు. అక్కడ ఎవరైనా అలారం బిగించవచ్చు గానీ, అలారం మోగితే పోలీసులు నేరుగా కదలాలంటే దానికి ఒక ప్రత్యేక సంఖ్య ఉండాలి. ఎన్‌ఎస్‌ఐ, ఎస్‌ఎస్‌ఏఐబీ లాంటి సంస్థల గుర్తింపు ఉన్నవాళ్లు బిగించి నిర్వహిస్తేనే ఆ సంఖ్య వస్తుంది. దొంగ మోతలకు విసిగిన పోలీసులు పెట్టిన పద్ధతి అది. పని బాగుంటేనే మేం వస్తాం అని చెప్పడం నాకైతే లైసెన్స్ కంటే సూటిగా అనిపించింది.

లైసెన్స్ ఉంటే చాలు పని బంగారమైపోతుందని నేననను. పర్మిట్ జేబులో పెట్టుకుని తప్పుడు పని చేసేవాళ్లూ ఉన్నారు, కాగితం ముక్క లేకుండా అద్భుతంగా చేసేవాళ్లూ ఉన్నారు. కాకపోతే గోడ వెనక పనిని కొనేవాడు చూడలేడు. చూడలేని పనికి ఎవరో ఒకరి పేరు, నంబరు పూచీగా ఉండాలి. చెడితే ఎవరి గుమ్మం తొక్కాలో తెలియాలి. కాంట్రాక్టర్ లైసెన్స్ కాపీ అడిగితే మొహం చిట్లించేవాడిని అక్కడే సాగనంపడం మేలు. మేం అడగకముందే ఈయన జిరాక్స్ ఇచ్చాడు.

కెమెరాలు బిగించాక రాత్రి తొమ్మిది దాటి ఆయన మళ్లీ వచ్చాడు. రమ్మని ఎవరూ చెప్పలేదు. పగలు చక్కగా ఉన్న పార్కింగ్ కెమెరాలో రాత్రి పక్క గోడ తెల్లగా వెలిగిపోతోంది, కారు వెనకాల చిమ్మచీకటి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దగ్గరి గోడకు కొట్టి తిరిగి రావడంతో కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని చూపు తగ్గించుకుంటోందన్నమాట. కెమెరాను నాలుగు వేళ్ల దూరం జరిపి, కొంచెం తిప్పాడు. కారు నంబరు కనబడింది. వేపకొమ్మ ఒకటి అడ్డొస్తే కొట్టించమన్నాడు. కెమెరా దగ్గరికి పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, దాని గూడు గాలికి ఊగినప్పుడల్లా కెమెరా మనిషి వచ్చాడనుకుని రికార్డు చేస్తుంది. నెలకోసారి పొడి బట్టతో తుడవమని వాచ్‌మన్‌కు చేసి చూపించాడు. పై అంతస్తు కెమెరాలో ఎదురు అపార్ట్‌మెంటు వంటింటి కిటికీ పడుతోంది. మేమెవరం గమనించలేదు. ఆయనే సెట్టింగులో ఆ భాగాన్ని నల్లగా కప్పేశాడు. "ఆడోళ్లుంటరు సార్ ఆడ."

పాస్‌వర్డుల విషయంలో ఆయన చాదస్తానికి కారణముంది. 2016లో మిరాయ్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ప్రపంచమంతా తిరిగి, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో లోబరచుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పరికరాలెన్నో కలిసి, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద విరుచుకుపడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి అందకుండా పోయాయి. వాటిలో ఎన్నో ఇంటికి కాపలాగా పెట్టుకున్నవే! ఈయన ప్రతి కెమెరాకూ పాస్‌వర్డ్ మార్చి, అసలు తాళం లాంటి అడ్మిన్ పాస్‌వర్డును నన్నే టైపు చేయమని, తాను మొహం అటు తిప్పుకున్నాడు. వాచ్‌మన్‌కు చూడటానికి మాత్రమే వీలయ్యే వేరే ఖాతా ఇచ్చాడు. పాత పనివాడి ఫోన్‌లో మా గేటు బొమ్మ ఇంకా వస్తూనే ఉందని ఆ రోజే తెలిసింది. మేం అతని పని మానిపించి ఏడాదైంది.

ఎన్ని రోజుల రికార్డు ఉండాలన్నది చాలామంది తప్పుగా వేసే లెక్క. జనం వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు ఉంచాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చట్టం వచ్చింది. మేమూ అదే కొలత పెట్టుకున్నాం. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు 21.6 జీబీ. పదహారింటికి 30 రోజులకు 10 టీబీ దాటుతుంది. మాకు మొదట కొటేషన్ ఇచ్చిన ఒక దుకాణంవాళ్లు 4 టీబీ డిస్కు రాసి, నెల రోజులు వస్తుందన్నారు. వచ్చేది 11 రోజులు. ఊరెళ్లి రెండు వారాలకు తిరిగొచ్చి తాళం పగిలి ఉండటం చూసినవాడికి ఆ డిస్కులో తాను ఊళ్లో లేని మొదటి రోజులు ఉండవు. ఈయన ఇరవై నాలుగు గంటలూ రాయడానికి తయారైన 6 టీబీ డిస్కులు రెండు పెట్టించాడు.

గడియారం కూడా చూశాడు. పాత రికార్డర్ గడియారం చాలా నిమిషాలు వెనకబడి ఉండేది. ఇప్పటిది ఇంటర్నెట్ నుంచి తనే సమయం సరిచేసుకుంటుంది. చూడటానికి చిన్న సంగతి. కోర్టులో చిన్నది కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం రికార్డింగ్ కాపీ సాక్ష్యంగా ఇవ్వాలంటే సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం పరికరం బాధ్యత ఉన్నవాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఏ పరికరం, సరిగా పనిచేస్తోందా, ఫైలు మారలేదని చెప్పే హ్యాష్ విలువ ఎంత, ఇవన్నీ రాయాలి. రికార్డర్ మోడల్, సీరియల్ నంబరు, బిగించిన తేదీ ఎక్కడ ఉన్నాయో తెలియని అసోసియేషన్ ఆ కాగితం మీద ఏం రాస్తుంది?

అప్పజెప్పేటప్పుడు ఆయన లైవ్ బొమ్మ చూపించలేదు. ముందు రోజు రాత్రి 2 గంటల 40 నిమిషాల దృశ్యం వెనక్కి తిప్పి, పదహారు కెమెరాల్లోనూ ఒక్కొక్కటిగా చూపించాడు. తర్వాత ఒక ఫైలు ఇచ్చాడు. బిల్డింగ్ ప్లాను మీద పైపులు నడిచిన దారి, పోర్టుల పట్టిక, సీరియల్ నంబర్లు, వారంటీ కాగితాలు. చివరి పేజీకి "చేయనివి" అని శీర్షిక. అందులో మూడు వరసలు. టెర్రస్ మీది స్తంభానికి ఎర్తింగ్ లేదు, పిడుగు పడితే ఆ పోర్టు పోతుంది, అసోసియేషన్ ఖర్చు వద్దంది. గేటు దీపం రాత్రి ఆర్పేస్తే మొహాలు మసకగా వస్తాయి. లిఫ్టు లోపలి కెమెరా తీగకు లిఫ్టు కంపెనీ అనుమతి రావాలి. కింద మా సంతకం అడిగాడు.

సెక్రటరీ గారు మొదటి వరస రెండుసార్లు చదివి, సంతకం పెట్టకుండా పెన్ను మూసేశారు. మర్నాడు లైసెన్స్ కాంట్రాక్టరుకు ఫోన్ చేసి ఎర్త్ పిట్‌కు ఎంతవుతుందో కనుక్కున్నారు. మేం కొత్త కెమెరా కొని వృథా చేసిన డబ్బు కంటే తక్కువే.